గాజు దూది

ఆదివారం తెల్లారకముందే
బెంగళూరు దిక్కునుంచి వస్తాయవి.
ముందు రేకు మీద పెట్టిన నట్లు
తమలో తాము గొణుక్కుంటాయి.
తర్వాత గుత్తి కొండ మూలుగుతుంది.
ఆ తర్వాతే బండి.
అది పోయినాక కూడా కొండ కాసేపు
దాన్ని నములుతానే ఉంటుంది.

నాది సైలెన్సర్ల కొట్టు.
నబీ రసూల్, అన్ని బండ్లకూ, అని బోర్డు.
అన్ని బండ్లంటే
ట్రాక్టరు, టెంపో, పాల వ్యాను,
ఒకసారి పెండ్లి ఊరేగింపు జనరేటరు.
ముప్పై ఏండ్లుగా
ఊరి చెవినొప్పే నా కూడు.

ఆ ఆదివారం ఒకటి ఆగింది.
నిమ్మపండు రంగు. నా నడుం దాటని ఎత్తు.
పామిడి కాడ స్పీడ్ బ్రేకర్ మీద
కడుపు గీరుకొని, పైపు పట్టీ తెగి
ఈడ్చుకుంటా వచ్చింది.
దిగినోడు చేతన్ గౌడ అంట,
సగం తెలుగు, సగం కన్నడం.
"కట్టెయ్యన్నా. శబ్దం మాత్రం తగ్గించొద్దు.
ఒట్టి పైపుకే తొమ్మిది లక్షలు."

నవ్వొచ్చింది.
మోత పోగొట్టమని వచ్చినోళ్లే గానీ
మోతను కాపాడమని
నా గడప ఎవరూ తొక్కలేదు.

కింద దూరేదానికి సందు లేదు.
బుడ్డల మూటలు దించే చెక్కలు వాల్చి
మెల్లగా ఎక్కించినాం, నేనూ సుంకన్నా.
పండుకొని చూస్తే
అతుకులు చేప పొలుసుల మాదిరి,
ఒకదాని మీదొకటి, యాడా వంకర లేదు.
ఏ దేశంలోనో
నా మాదిరోడే ఒకడు
ఊపిరి బిగబట్టి వేసినాడు.
వాని నడుం కూడా నొప్పి పుట్టి ఉంటుంది.

ఆ లోహం నా గ్యాసుకు లొంగదు.
ఇనుప పట్టీ వంచి, సైకిల్ ట్యూబు ముక్క మెత్తగా వేసి
రెండు బోల్టులు బిగించినా.
"స్టార్ట్ చెయ్యి" అన్నా.

కుడి చెవి ఎప్పుడో పోయింది నాకు.
ఎడమదానికి సన్నటివి అందవు,
పిచ్చికలు, పట్టీలు, మనవరాలి చాడీలు.
అందుకే పొడుగు స్క్రూడ్రైవరు మొన
ఇంజను దిమ్మెకు ఆనించి
పిడి పండ్ల మధ్య పెట్టుకుంటా.
ఎముకతో వింటా నేను.

పది సిలిండర్లు.
ఒకటి అనడం ముగించకముందే
ఇంకొకటి అందుకుంటా ఉంది.
పిల్లోడు తొక్కినాడు.
దవడలో పుట్టి, నెత్తిలోకి పాకి,
బిగుసుకొని, బిగుసుకొని

డుంయ్!

నాయన విల్లు.

మా నాయన పకీరప్ప దూదేకులోడు.
ఆరడుగుల విల్లు భుజానేసుకొని
వీధి మొదట్లో నరం మీటేవాడు.
కేక వేసిందే లేదు.
ఆ మోత వినే
పాత పరుపులు వాకిట్లోకి వచ్చేవి.
నరం వదులైతే దూదికి బరువురా,
సరిగ్గా బిగిస్తే
దూది దానంతటదే లేస్తాది అనేవాడు,
మీసాలకు, కనురెప్పలకు తెల్లగా అంటుకొని.

నాకు సిగ్గు.
బడి కాడ నేను పోతాంటే
పిల్లోళ్లు నోటితో మీటేవాళ్లు ఆ నరాన్ని.
ఒకరోజు నాయన ఎదురొస్తే
సందులోకి తిరిగినా.
ఆయన చూసినాడు. ఇంటికొచ్చి ఏమీ అనలేదు.

మోతల నోరు మూసే పని
ఊరికే పట్టుకోలేదు నేను.
పైపుల్లో గాజు దూది కుక్కినా ఇన్నేండ్లు.
అరచేతుల్లో ముండ్లు,
రాత్రిళ్లు దురద.
దూది మాత్రం వదల్లేదు చూడు మా ఇంటిని.

పిల్లోడు రెండు వేలు తీసినాడు.
మూడొందలు చాలన్నా.
"ఆ కొండ పక్కన పోయేటప్పుడు
ఒకసారి గట్టిగా తొక్కు."

తొక్కినాడు.
కొండ అందుకుంది.
నేను అట్లే నిలబడినా.
"మామా, బండి పోయి శానాసేపాయ,
నోట్లో స్క్రూడ్రైవరు తియ్యి" అన్నాడు సుంకన్న.

తొమ్మిది గంటలకు ఆటో వచ్చింది.
"పాపోళ్లు లేస్తాండారన్నా, కొంచెం మోత తగ్గించు."
పైపు విప్పినా.
సంచిలోంచి గాజు దూది తీసి
చుట్టినా,
మళ్లీ ఒక పిడికెడు వెనక్కి పీకేసినా.